కూజాతో పాటు చల్లారిన మూత

ఆ గాజు కార్ఖానాలో ఆయన్ని అందరూ బుగ్గల మేస్త్రి అనేవారు. గొట్టం ఊదీ ఊదీ బుగ్గలు సాగిపోయి, ఊరికే కూర్చున్నా ఎవరిమీదో అలిగినట్టు కనబడేవాడు.

తండ్రి పోయాక తమ్ముణ్ని చేరదీసి పని నేర్పింది ఆయనే. మొదట నేర్పింది ఊదడం కాదు, ఆగడం.

"కాగినప్పుడు గాజులో అణువులు పరుగులు పెడతాయిరా. చల్లారేకొద్దీ కాళ్లు బరువెక్కుతాయి. కిక్కిరిసిన బస్సులోలాగ, ఒకడు కదలాలంటే పక్కవాడు జరగాలి. టైమిస్తే సర్దుకుంటాయి. తొందరపెట్టావో, ఎక్కడివక్కడ ఇరుక్కుపోతాయి. ఆ బిగువే ఎప్పుడో పగలగొడుతుంది."

అందుకే ఊదిన గాజును నిదానంగా చల్లార్చే కొలిమి తలుపు ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. తాళంచెవి తన దగ్గర ఒకటి, తమ్ముడి దగ్గర ఒకటి ఉండేవి.

ఓరోజు, హోటలుకి పంపడానికి మేస్త్రి ఊదిన పెద్ద కూజా, యజమాని బల్లమీద ఎవరూ ముట్టుకోకుండానే ఠప్పున పగిలింది.

"అన్నయ్య చేతులు వణుకుతున్నాయండీ. చెప్పలేక ఊరుకున్నా," అన్నాడు తమ్ముడు తల దించుకుని. ఎంత వినయమో! యజమాని కరిగిపోయి గొట్టం తమ్ముడికి అప్పగించాడు. అన్నగారిని పెట్టెల్లో గడ్డి కూరే గదికి పంపాడు.

మేస్త్రికి అవమానంతో ఒళ్లు మండిపోయింది. ఎలాగైనా ఆ గొట్టం మళ్లీ పట్టాలి. కూజాతో పాటు చల్లారిన మూత ఇంకా పగలకుండా ఉంది. గాజులో బిగువుంటే రంగులుగా చూపించే రెండు నల్ల పలకల మధ్య దాన్ని పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. నిదానంగా చల్లారిన గాజు అక్కడ నల్లగానే ఉంటుంది. ఇదేమో నీలం, పసుపు, గులాబీ రంగులతో విరగబూసింది. చెయ్యి వణికితే మందంలో తేడా వస్తుంది గానీ ఈ రంగులు రావు. చల్లారకముందే కొలిమి తలుపు ఎవరో తెరిచారు. తను కాక తాళంచెవి ఉన్నది ఒక్కడి దగ్గరే.

"నువ్వేనా?" అన్నాడు, తమ్ముణ్ని పిలిచి మూత చూపిస్తూ.

తమ్ముడు బుకాయించలేదు. ఆ రంగులు చదవడం నేర్పింది అన్నగారే మరి.

"నువ్వు గొట్టం దించితేగా అన్నయ్యా నా వంతొచ్చేది? ఎన్నాళ్లు నీ పక్కన నిలబడను? వెళ్లి చెప్పు. నీ చేత్తోనే పెంచావు, నీ చేత్తోనే నన్ను వీధిలో పడెయ్."

ఇంత ద్రోహం చేసినవాడు క్షమించమనైనా అనలేదు. మేస్త్రి గుండె రగిలిపోయింది. మూతను, పలకలను పట్టుకుని విసవిసా యజమాని గదికి నడిచాడు.

గుమ్మంలో నిలబడగానే పలకలకు తగిలి మూత టకటకలాడింది. ఎంత బిగించి పట్టుకున్నా ఆగలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన చేతులు వణుకుతున్నాయి.

ఆ చప్పుడుకి తలెత్తిన యజమాని, ముందుగా చూసింది ఆ చేతులనే.