హాల్లో కూర్చున్న నూకరత్నం

నూకరత్నం ఇక లేదన్న వార్త నాకు మంగళవారం పొద్దున్న ఫోన్లో తెలిసింది. పొయ్యి మీద ఉప్మాకి ఎసరు మరుగుతోంది. అవతల మాట్లాడుతున్నది ఆమె మరిది భార్య పైడమ్మ. "అక్కా, మా నూకరత్నం అక్క ఎల్లిపోనాది. తెల్లారగట్ట నిద్దర్లోనే పోనాది" అంది. "ఎవరూ?" అని అడిగాను. వినబడకపోవడం వల్ల కాదు. ఆ మాటను లోపలికి రానివ్వడానికి మనసు క్షణం గడువు కోరింది. మొన్న ఆదివారమే ఆమెతో ఫోన్లో అరగంట మాట్లాడాను. నెత్తళ్ళ చేపల పులుసులోకి చింతపండు మేలా, మామిడికాయ మేలా అని వాదించుకున్నాం. "నువ్వు రా, ఎదురుగా కూకుని తేల్సుకుందాం" అంది. ఎసరంతా ఇగిరిపోయి గిన్నె మాడిన వాసన వచ్చేదాకా నేను ఫోను పట్టుకునే నిలబడి ఉన్నాను.

రేవు దగ్గర ఓడల సరుకు వ్యవహారాలు చూసే ఒక ఏజెన్సీ ఆఫీసులో ఆమె టెలిఫోన్ ఆపరేటరు. తొంభైల మొదట్లో నేను అక్కడ టైపిస్టుగా చేరాను. ఆ ఆఫీసు ఇప్పుడు లేదు. అందులో పనిచేసినవాళ్ళు తలో దిక్కూ అయ్యారు. వారిలో ఎవరికైనా ఈ వ్యాసం కంటబడితే, బోర్డు ముందు నిటారుగా కూర్చుని ఫోనెత్తే ఆ గంభీరమైన కంఠం తప్పక జ్ఞాపకం వస్తుంది. ఫోనులో ఆమె మాట్లాడేది స్వచ్ఛమైన పుస్తకాల తెలుగు. ఫోను పెట్టేసి ఇటు తిరిగితే చేపలు పట్టేవాళ్ళ జాలారి వాడ భాష. రెండూ ఆమెవే. ఒకదాని కోసం ఇంకొకదాన్ని ఎన్నడూ దాచుకోలేదు.

విజయనగరం అవతల వ్యవసాయదారుల పల్లె నుంచి వచ్చినదాన్ని నేను. బంధువుల ఇంట్లో ఒక గదిలో ఉండేదాన్ని. చేరిన మొదటి వారమంతా మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని, గోడ వైపు తిరిగి తినేదాన్ని. నా డబ్బాలో రోజూ పప్పూ అన్నమే. ఒకరోజు ఆమె తన డబ్బా తెచ్చి నా పక్కన పెట్టి, కుర్చీ లాక్కుంది.

"గోడతోటి ఏటి మాటాడతన్నావు వదినా?" అంది.

నాకు నవ్వొచ్చింది. "ఏటీ లేదండి. పప్పే" అన్నాను.

"పప్పయితే ఏటి? మా ఇంటికాడ పప్పు వండితే పండగే. రోజూ సేపలే కదా. ఇటియ్యి."

నా పప్పన్నం సగం తీసుకుని, తన కానాగంతల పులుసు సగం నా మూతలో వేసింది. ఆ పూట నుంచి ఆమె నాకు వదిన, నేను ఆమెకు వదిన. మా మధ్య ఏ చుట్టరికమూ లేదు. ఆ సంబోధనలోని ఆత్మీయత మాత్రం ఏ చుట్టరికానికీ తీసిపోలేదు.

శనివారం మాకు ఒంటిపూట ఆఫీసు. ఒక శనివారం బస్సు కోసం నిలబడి ఉండగా, "ఆకలేత్తన్నాది. టిఫిను తిందాం రా" అని పాత పోస్టాఫీసు వైపు హోటలుకి తీసుకెళ్ళింది. అంతకు ముందు నేను నాన్న పక్కనో అన్నయ్య పక్కనో తప్ప హోటల్లో కూర్చోలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు వస్తే వెనకవైపు తెర వేసిన చిన్న గదిలో కూర్చోబెట్టేవారు. సర్వరు సన్యాసి అలవాటుగా అటువైపు చెయ్యి చూపించాడు. నేను అటే నడవబోయాను. నూకరత్నం కదలలేదు.

"ఇక్కడ కుర్చీలు ఇరిగిపోనాయేటి బాబూ?" అని అడిగింది, గొంతు పెంచకుండా.

"లేదమ్మా, ఆడోళ్ళు అందరూ అక్కడే..." అన్నాడు సన్యాసి.

"అక్కడ గాలాడదు. ఇక్కడే కూకుంతాం" అని హాలు మధ్యలో, ఫ్యాను కింద, కుర్చీలో కూర్చుంది. చుట్టుపక్కల చెంచాల చప్పుడు ఆగిపోయింది. నేను తల వంచుకుని ఆమె ఎదుట కూర్చున్నాను. పెసరట్టు వచ్చింది. నాలుగు ముక్కల్లో ముగించి లేచిపోదామన్నది నా ఆత్రం. ఆమె మాత్రం అల్లం పచ్చడి నాలిక్కి రాసుకుని, కాసేపు ఆలోచించి, "బెల్లం ఎక్కువైపోనాది. వదినా, నువ్వేటంతావ్?" అంది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే నేను తల ఎత్తక తప్పలేదు. ఎత్తి చూస్తే ఎవరి పళ్ళెంలో వాళ్ళు తింటున్నారు.

"బెదురుతో తింతే రుసి తెల్దు" అనేది తర్వాత. ఆ మాట ఆమె నోట చాలాసార్లు విన్నాను.

ఆమె అప్పటికే భర్తను పోగొట్టుకున్న మనిషి. ఆయన మరబోటు నడిపేవాడు. "జాలారోడి పెళ్ళాం అంతే సముద్రవే తీసుకుపోనాదనుకుంతారు. కాదు, పచ్చకామెర్లు" అని చెప్పింది ఒకసారి, ఎలాంటి ఉపోద్ఘాతమూ లేకుండా. పిల్లల్లేరు. అత్తవారి వాడలోనే ఒక గదిలో ఒంటరిగా ఉండేది. తన దుఃఖాన్ని ఎన్నడూ నా ముందు పరిచి కూర్చోలేదు. కానీ తిండి గురించి మాట్లాడుతుంటే ఆయన వచ్చేవాడు. బోటు మీద, అప్పుడే వలలోంచి తీసిన చేపని ఉప్పూ కారం చింతపండు తప్ప మరేదీ లేకుండా ఎలా ఉడికిస్తారో ఆయన చెప్పిన తీరు చెప్పేది. "పండుగొప్ప సేప తెత్తే తలకాయ నాకే ఒగ్గీసేవోడు. తనకిష్టం లేదనేవోడు. అబద్ధవే. ఇష్టం లేనోడు అలాగ సూత్తాడేటి, నాను తింతంటే" అంది ఒక శనివారం, కాఫీ చల్లారిపోతుండగా. నేను చూడని ఆ మనిషిని, ఆయన పళ్ళెంలో మిగిల్చినవాటిని బట్టి, నేను బాగా ఎరుగుదును.

విధవరాలు హోటల్లో నలుగురి మధ్య కూర్చుని తింటోందన్న మాట వాడకు చేరడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. ఒక శనివారం మేము పూరీ తింటుండగా ఆమె మరిది అప్పలరాజు నేరుగా మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రేవు నుంచి వచ్చినట్టున్నాడు, లుంగీ ఇంకా తడిగానే ఉంది.

"వదినా, లెగు. ఇంటికెల్దాం" అన్నాడు.

"ఏటయినాది?"

"ఏటవ్వాల? వాడంతా అంతన్నారు. మాకు ఇంట్లో కూడు లేదేటి, నువ్విలాగ..." మాట పూర్తి చేయలేకపోయాడు.

నేను పూరీ ముక్క పళ్ళెంలోనే వదిలేశాను. గొడవైతే హాల్లో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరుగుతారు. సోమవారం ఆఫీసులో తెలుస్తుంది. మా బంధువులకూ తెలుస్తుంది. ఇక నన్ను ఆమెతో తిరగనివ్వరు. అన్నీ ఒక్కసారే తోచాయి. నూకరత్నం తొందరపడలేదు. పక్క కుర్చీ లాగింది.

"పొద్దున్న తిన్నావా?" అని అడిగింది.

అతను వీధి వైపు చూశాడు.

"నాకు తెలుసు, తిన్లేదు. కూకో. తిన్నాక తిడుదువుగాని."

సన్యాసి అడగకుండానే ఒక ప్లేటు పూరీ తెచ్చి పెట్టాడు. అప్పలరాజు చాలాసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత కూర్చున్నాడు. తల ఎత్తకుండా తిన్నాడు. తిన్నాక తిట్టలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, "కూరలో ఉల్లిపాయ బాగున్నాది" అని వెళ్ళిపోయాడు. ఇంకో ఏడాదికి అతను పైడమ్మను తీసుకుని తనతో పాటు అదే హోటలుకి వచ్చాడని నూకరత్నం నాకు చెప్పినప్పుడు, ఆమె ముఖంలో గెలుపు లేదు. "పాపం, దానికి మసాలా దోశంతే తెల్దు. మడత ఎలా ఇప్పాలో సూపించాను" అంది.

పెళ్ళయి నేను గాజువాక వైపు వెళ్ళాను. మా ఆయన ఉద్యోగం స్టీలు ప్లాంటులో. కొన్నాళ్ళకి ఏజెన్సీ మూతపడింది. ఆమె ఆటోనగర్‌లో ఒక వర్కుషాపు ఆఫీసులో ఫోన్లు చూడ్డానికి చేరింది. శనివారాలు నెలకొకటయ్యాయి, తర్వాత ఎప్పుడు వీలైతే అప్పుడు. మధ్యలో ఫోను. మా సంభాషణలో లోకోత్తరమైన విషయమేదీ ఉండేది కాదు. సింహాచలం కొండ కింద తిన్న పులిహోర, వర్కుషాపు ఎదురుగా కొత్తగా పెట్టిన బండి మీది బజ్జీలు, నా పిల్లవాడు పాలు తాగనని చేసే పేచీ. అలా రెండు కాఫీల మధ్య గడిచిపోయిన కాలమే నా జీవితంలో నాకంటూ మిగిలిన భాగమని ఇప్పుడు తెలుస్తోంది.

తర్వాత ఆమెకు షుగరు బయటపడింది. కొన్నేళ్ళకి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారం వారం ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకోవలసి వచ్చింది. ఉప్పు వద్దు, పప్పు తగ్గించాలి, పళ్ళు వద్దు, తాగే నీళ్ళకి కూడా పరిమితి. ఇన్ని నిషేధాల మధ్య ఆమెను హోటలుకి పిలవడం క్రూరమనిపించి, ఇంటికే వెళ్ళసాగాను. రెండుసార్లు చూసింది. మూడోసారి అడిగింది.

"ఏటి వదినా, హోటలు మూసీసారా?"

"లేదు గానీ, నువ్వు తినకుండా నేనెలాగ..."

"నువ్వూ మానీత్తే నానెవరితో కూకుంతాను?" అంది. "నా నోరు కట్టీసారు. సెవులు కట్టీలేదు కదా. నువ్వు తిను, నాకు సెప్పు."

వెళ్ళాం. అదే హాలు, అదే ఫ్యాను. ఆమె ముందు చట్నీ లేని ఒక ఇడ్లీ, నా ముందు పెసరట్టు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమె కళ్ళు నా పళ్ళెం మీద కాదు, నా ముఖం మీద ఉన్నాయి. "కరకరలాడతన్నాదా? పచ్చడెలాగున్నాది?" అని అడుగుతూనే ఉంది. చెప్పాను. ఉల్లిపాయ ఎక్కడ మాడిందో, జీలకర్ర ఎక్కడ తగిలిందో వివరంగా చెప్పాను. కళ్ళు మూసుకుని వింది. ఆ పూట ఆమె తిన్నదో నేను తిన్నానో ఇప్పటికీ చెప్పలేను. అలాంటి పూటలు ఇంకా కొన్ని దొరికాయి. నాకు అవి చాలలేదు.

పదకొండో రోజుకి ముందు పైడమ్మ ఫోను చేసింది. "సేపలన్నీ వండుతన్నాం అక్కా. కానీ ఆకులో అక్కకి ఇష్టమైనది ఎట్టాల కదా. నీకే తెలుత్తాది" అంది. ఏమి చెప్పాలో నాకు తట్టడానికి ఆలోచన అక్కర్లేకపోయింది. పొద్దున్నే హోటలుకి వెళ్ళి పెసరట్టు ఉప్మా పొట్లం కట్టమన్నాను. సన్యాసి ఇప్పుడు ముసలివాడు. కౌంటరు దగ్గర కూర్చుంటున్నాడు. ఎవరి కోసమో చెప్పాను. పొట్లానికి దారం తనే చుట్టాడు.

"మీరు రాకముందు కూడా ఒచ్చేదమ్మా" అన్నాడు చివరికి. "ఒక్కర్తే. తెర గదిలో కూకుని, రెండు ఇడ్లీలు గబగబా తినీసి, ఎవరూ సూడకుండా ఎనక గుమ్మంలోంచి ఎల్లిపోయేది. మిమ్మల్ని తెచ్చిన రోజే హాల్లో కూకున్నాది. నానే ఆశ్చర్యపోనాను."

నన్ను ధైర్యవంతురాలిని చేసింది ఆమేనని ఇన్నేళ్ళూ నమ్మాను. ఆమెకీ అది మొదటిరోజేనని, నేను పక్కన ఉన్నందుకే ఆమె కాళ్ళు హాల్లో ఆగాయని, ఆమె పోయాక, ఒక కౌంటరు ముందు పొట్లం పట్టుకుని తెలుసుకున్నాను. నాతో ఒక్కసారీ చెప్పలేదు.

పొట్లం వేడి చల్లారకుండా ఆటోలో తీసుకెళ్ళాను. వాడలో అందరూ నన్ను తమ మనిషిగానే కూర్చోబెట్టారు. అప్పలరాజు స్వయంగా వడ్డించాడు. అందరూ కన్నీళ్ళతో తిన్నారు. పులుసు అద్భుతంగా ఉంది. ఆ మాట పక్కకి తిరిగి చెప్పబోయాను. పక్కన ఎవరో ముసలావిడ మజ్జిగ పోసుకుంటోంది.

సాయంత్రం ఇంటికి చేరాను. మా ఆయన మితభాషి. కంచంలో ఏముందో చూడకుండా తినే మనిషి. ఆ రోజు నా ముఖం చూసి కాబోలు, ఎన్నడూ లేనిది, "భోజనాలు ఎలా ఉన్నాయి?" అని అడిగారు. మంచి మనసుతోనే అడిగారు. చెబుదామని నోరు తెరిచాను. పులుసు గురించి, ఆకులో పెట్టిన పెసరట్టు గురించి, వాడలో వీచిన ఉప్పుగాలి గురించి ఎన్నో ఉన్నాయి. వాటిని ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిన మనిషి నూకరత్నం ఒక్కతే. "బాగున్నాయండి" అన్నాను. ఆయన తల ఊపి స్నానానికి వెళ్ళారు.

వదినా, నీకు నమస్కరించడానికి నా దగ్గర పూలదండ లేదు, ఈ మాటలే ఉన్నాయి. ఇవి కూడా నువ్వే అడిగి చెప్పించినవి. ఇకమీదట ఏది తిన్నా, ఎలాగున్నదని నన్ను అడిగేవాళ్ళు లేరు.