మిల్లులో కట్టిన నల్ల పట్టీలు

ఇలా కూర్చుని రాయడం నాకు ఇదే మొదటిసారి. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తాను.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో ఒక బట్టల మిల్లుకు బదిలీ పనికి వెళ్లేదాన్ని. పర్మినెంటు మనిషి రాని రోజు మమ్మల్ని పిలిచేవాళ్లు. పిలుపు లేకపోతే గేటు దగ్గరి నుంచే ఇంటికి. తెల్ల నూలును చిలపలుగా, అంటే కట్టలుగా, చుట్టడం మా ఆడవాళ్ల పని.

మాలో ఒక అవ్వ ఉండేది. పన్నెండేళ్లు బదిలీగానే చేసింది. నాకు పని నేర్పింది ఆమే. జ్వరంతో పోయింది. పర్మినెంటు వాళ్లెవరైనా పోతే మిల్లులో రెండు నిమిషాలు మిషన్లు ఆపేవాళ్లు. అవ్వకు ఆపలేదు.

"బదిలీ వాళ్లకు గవన్నీ ఉండయి. పని చూసుకోండ్రి" అన్నాడు సూపర్‌వైజర్.

పన్నెండేళ్లు చేసిన మనిషి మిల్లు మనిషి కాదా? మిషన్లు ఆపేదాకా చేతికి నల్ల పట్టీలు కట్టుకుని పనిచేద్దామని మేమంతా అనుకున్నాం.

"నల్లబట్ట యాడికెల్లి తేవాలె?" అంది ఒక అక్క.

"నేను తెస్త. మాది కొత్తవాడ. జంపఖానాల నూలుకు రంగులేసే ఇల్లు. నాకు చెప్పాల్నా?" అన్నాను గొప్పగా.

ఆ సాయంత్రం పాత పంచె చింపి నల్ల రంగులో ఉడకబెట్టాను. తర్వాత నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. ఆ రోజు నల్లాలో నీళ్లు రాలేదు. ఉన్న ఒక్క బకెట్ నీళ్లలో ముంచి ఆరేశాను. రంగుల ఇంటి పిల్లను, అంత తెలిసీ అలా చేశాను.

మిల్లులో నూలు తెగకుండా గాలిని తేమగా ఉంచుతారు. చెమటలు ధారగా కారతాయి. మధ్యాహ్నానికి పట్టీల నలుపు వేళ్ల దాకా జారి తెల్ల చిలపలకు అంటుకుంది.

"నూలంత ఖరాబ్ చేసిన్రు! ఎవరేసిన్రు ఈ రంగు?" సూపర్‌వైజర్ అరిచాడు.

చెబితే రేపటి నుంచి నాకు పిలుపు ఉండదు. అయినా ముందుకు వచ్చాను.

"నేనే సార్. జాడిచ్చుడు తక్కువైంది. అది నా తప్పే. పట్టీ కట్టుడు మాత్రం తప్పు గాదు."

"రంగు నిలువకున్నా పిల్ల మాట నిలిచింది" అంది నల్లబట్ట సంగతి అడిగిన అక్క. అందరూ నవ్వారు. సూపర్‌వైజర్‌కు ఇంకా మండింది. పట్టీలన్నీ విప్పించాడు. చేతుల మీద నల్లటి మరకలు కనిపించాయి. అవీ కడుక్కోమన్నాడు. సబ్బుతో ఎంత రుద్దినా పోలేదు.

"ఇగ తోలు ఒల్చుకోమంటవా సార్?" అని చెయ్యి చాపింది అక్క.

మర్నాటి నుంచి నన్ను పిలవలేదు. అయినా రోజూ వెళ్లి గేటు బయట నిలబడ్డాను. మగ్గాల మీద పనిచేసే మగవాళ్లు కూడా పట్టీలు కట్టారని అక్క వచ్చి చెప్పింది. వాళ్లలో పర్మినెంటు వాళ్లే ఎక్కువ.

ఐదో రోజు పొద్దున గేటు దగ్గరే ఉన్నాను. లోపలి చప్పుడంతా ఒక్కసారిగా ఆగింది. చెవులు గుయ్‌మన్నాయి.

"కరెంటు పోయినట్టున్నది" అన్నాడు వాచ్‌మన్.

అతని గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"కరెంటు గాదు భాయ్" అన్నాను. "మా అవ్వకు ఆపిన్రు."

అతను స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు.