రాహుకాలం తెలియని కంప్యూటర్

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి తన లాప్‌టాప్‌లో నల్ల కిటికీ ఒకటి తెరిచి, ఒకే ఒక్క వరుస టైపు చేసి, పొయ్యి మీద చాయ్ పొంగేలోపే అయిపోయిందమ్మా అంది. ఏమైపోయిందో చూద్దునుగదా, నేను ఎం.ఎస్సీ. చదివే రోజుల్లో ఒక వానాకాలమంతా కుస్తీ పట్టినా నాకు దక్కని లెక్కల సాఫ్ట్‌వేర్! మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను, ఇన్నేళ్లుగా పిల్లలకు గణితం చెబుతున్నదాన్ని, చిన్నపిల్లలా కేక పెట్టాను. ఈ కబురు ఎవరికైనా చెప్పకపోతే గుండె ఆగేలా ఉందని ఫోన్ చేతిలోకి తీసుకున్నాక తెలిసింది, చెప్పవలసిన మనిషి లేడని.

నెట్ సెంటర్లూ సీడీలూ చూసినవాళ్లకు నేను చెప్పేది ఇట్టే తెలుస్తుంది. హనుమకొండ చౌరస్తా దగ్గర మా మేనబావకు ఒక నెట్ సెంటర్ ఉండేది. దాని మూలన ఉన్న కంప్యూటర్‌లో, పుస్తకంతో పాటు ఉచితంగా వచ్చిన సీడీతో విండోస్‌కు బదులు లైనక్స్ ఎక్కించుకున్నాను. అందులో ఆటలు లేవని కుర్రాళ్లెవరూ దాని వైపు చూసేవాళ్లు కాదు కాబట్టి, ఆదివారాలు అది నాదే. అప్పట్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ తయారైన వంటలా వచ్చేది కాదు, సరుకులు మాత్రమే వచ్చేవి. రాసిన కోడ్‌ను మన కంప్యూటర్‌లోనే కంపైల్ చేసి ప్రోగ్రాముగా మార్చుకోవాలి. దానికి లైబ్రరీ అనే ఇంకో కోడ్ కట్ట కావాలనేది, ఆ లైబ్రరీకి ఇంకొకటి కావాలి, దానికి ఇంకేదో పాత వెర్షన్ కావాలి. పెళ్లికి పిలిస్తే ముందు మా పెద్దనాన్నను పిలవండి అనే చుట్టాల్లా ఉండేది వాటి వరస.

నా ప్రాజెక్టు మా ఊరి బావుల నీళ్ల గురించి. ఏ బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలుచుకొచ్చి, భూమి లోపల నీళ్లు ఎటు పోతున్నాయో లెక్కగట్టడం. మా ప్రాంతమంతా రాయి, నీళ్లుండే పగులు ఎక్కడుందో లెక్కకు తెలియదమ్మా అని మా గైడు సారు హెచ్చరించారు గానీ, ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదో, చెప్పినా మా నాన్న, బాపు, వినలేదో ఇప్పుడు గుర్తు లేదు. ఆయన చెవిన పడింది ఒక్కటే, బిడ్డ చదువు నీళ్ల జాడ చెబుతుందని. అప్పటికే ఒక బోరు ఎండింది. రెండోది ఎక్కడ వేయాలో నా కంప్యూటర్ చెప్పేదాకా ఆగుతానని ఊరందరికీ చెప్పుకున్నాడు.

ఊరికి పోయినప్పుడల్లా బస్సు దిగేచోటే నిలబడి ఉండేవాడు. "ఏమాయె బిడ్డా, నీ మిషిని నీళ్ల ముచ్చట ఏమన్న చెప్పెనా?"

"ఇంక లేదు బాపూ, ఎర్రర్ వస్తాంది."

"రానీ తీ. తొందరేమున్నది," అనేవాడు, పత్తి వాడిపోతున్నా సరే.

అమ్మకు అంత ఓపిక లేదు. "నీ బిడ్డ బటన్ ఒత్తేదాక బోరు బండోడు ఆగుతడా, వానలు ఆగుతయా?" అని ఆయన్ను సాధించేది. బావ ఎదురుపడితే, "మామా, నీ బిడ్డ నా కాడ కూసోని పాతాళగంగను గుంజుతాంది, బిందెలు తయారు పెట్టుకో," అని నవ్వించేవాడు.

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు రాహుకాలం. బావకు దాని మీద పట్టింపు చాలా ఎక్కువ. మధ్యాహ్నం కరెంటు పోయేది, మళ్లీ వచ్చేసరికి సరిగ్గా ఆ వేళయ్యేది. నువ్వు పోయి చాయ్ తాగిరా పిల్లా, నేను చాలు చేసి పెడతా అని నన్ను పంపి, కంప్యూటర్ తనే ఆన్ చేసేవాడు. వచ్చి కూర్చుని, తప్పు దిద్ది మళ్లీ కంపైల్ చేస్తే మళ్లీ అదే ఎర్రర్. ఇంకోలా దిద్దేదాన్ని, అయినా అదే. దిద్దినదాన్ని ఆ యంత్రం చూడనే చూడనట్టు ఉండేది. వందల వరుసలు తెర మీద జారిపోతుంటే, నాకు తెలివి చాలడం లేదు, వ్యవసాయం చేసుకునేవాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని, ఈ విద్య నాది కాదు అనుకుని బాత్రూములో ఏడ్చి మొహం కడుక్కుని వచ్చేదాన్ని.

చివరికి బోరు బండి ఇంకో ఊరికి వెళ్లిపోతుందంటే బాపు ఆగలేకపోయాడు. నీళ్ల జాడ చెబుతానని అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని మా మెట్టచేను, ఆ చెలకంతా తిరిగినాయన ఎక్కడ చూపిస్తే అక్కడ వేయించాడు. దుమ్ము లేచింది. దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

ఆ తరువాత బావ నన్ను ఓదార్చడానికి వచ్చాడు. "నావల్ల ఏ లోపం జరగనియ్యలే పిల్లా. కరెంటు అచ్చినప్పుడల్లా ఆ నీలం తెరల టైం పొద్దటికి తిప్పి చాలు చేసిన. మనకు రాహుకాలమైనా దానికి కావద్దని. గింత జేసినా గాకపాయె."

కంపైల్ చేసే ప్రోగ్రాము గడియారాన్నే నమ్ముతుంది. అంతకుముందు కంపైల్ చేసినదానికంటే దిద్దిన ఫైలు కొత్తదైతేనే దాన్ని మళ్లీ ముట్టుకుంటుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే నీలం తెరలో బావ గడియారాన్ని పొద్దుటికి తిప్పడంతో నేను సాయంత్రం దిద్దినవన్నీ దానికి పొద్దుటివయ్యాయి, మధ్యాహ్నపు తప్పులే కొత్తవయ్యాయి. అంతా ఒక్క క్షణంలో అర్థమైంది. కానీ అంత ప్రేమగా చేసిన మనిషితో ఏమనగలను? నువ్వేం చేస్తావు బావా అన్నాను. ఈనాటికీ ఆయనకు చెప్పలేదు. ఆ మూల కంప్యూటర్ ముందు మళ్లీ కూర్చోబుద్ధి కాక, చేత్తో చేసిన చిన్న లెక్కేదో ప్రాజెక్టుగా ఇచ్చి పాసయ్యాను. బోర్ల అప్పుల కింద చెలక పోయింది. బాపు హనుమకొండలో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా కుదిరి, మోటారు వేయడం, ట్యాంకు నిండగానే ఆపడం చేస్తూ మిగిలిన రోజులు గడిపి పోయాడు.

మొన్న అమ్మాయి పక్కకు జరగగానే బావుల లోతులన్నీ వరుసగా కొట్టాను. కరెంటు పోయిన ప్రతిసారీ మళ్లీ మళ్లీ కొట్టినవి కాబట్టి ఇప్పటికీ కంఠతా వచ్చు. రెప్పపాటులో రంగుల పటం వచ్చింది. నీళ్లన్నీ మా చెలకకు దూరంగా, కిందికి జారిపోతున్నాయి. కొబ్బరికాయ చూపిన చోటనే కాదు, ఎక్కడ వేసినా దుమ్మే అన్నట్టుంది. ఆనాడు ఇది కంపైల్ అయి ఉంటే, బస్సు దిగి ఆయనతో ఏమని చెప్పేదాన్ని? ఎక్కడా వేయకు బాపూ అంటే మానేవాడా? పత్తి కళ్లముందే ఎండుతుంటే బోరు వేయకుండా ఏ రైతు ఊరుకున్నాడు? సారు చెప్పినట్టు రాయిలో పగులు సంగతి దీనికీ తెలియదు.

అదేం బొమ్మమ్మా అని అడిగింది అమ్మాయి. మన చెలక అన్నాను. రంగులు బాగున్నాయంది, తన ఫోన్ చేతిలోకి తీసుకుంది. తన తప్పు కాదు, ఒక్క వరుసతో వచ్చేదాన్ని ఎవరు మాత్రం పట్టించుకుంటారు? పనులన్నీ ఇంత సులువవుతాయని తెలియక మేము ఎదురుచూపుల్లోనే బతికేశాం. ఆ ఎదురుచూపు ఒక మనిషిని అన్నాళ్లు ఆశతో నిలబెట్టిందని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ ఆశ లేని నీళ్ల మీదనేమో అని ఆ పటం చూశాక అలా సర్దిచెప్పుకోవడానికి కూడా మనసొప్పడం లేదు.