ఆల్విన్ కత్తిరించిన గోనె అంచు

ఉన్ని నొక్కే మిషను మీద కంపెనీ పేరు కూడబలుక్కుని చదువుతారు గానీ, మా అన్న ఆల్విన్ ఎవరని మీలో ఒక్కరైనా నన్ను అడిగారా? తిని తిరగడమే సరిపోయింది మీకు. కూర్చోండి ఇలా.

డార్లింగ్ నది పక్క, గొర్రెల ఉన్ని తీసే షెడ్డులో అన్న చేసేది ఉన్ని మూటలు కట్టే పని. ఒకసారి మిషను కొక్కెం జారి, అన్న స్నేహితుడు మిక్ చెయ్యి నుజ్జయింది. అన్న ఆ పూట టీ కూడా ముట్టలేదు. చిరిగి పక్కన పడేసిన గోనె మీద, గొర్రెలకి గుర్తు పెట్టే నీలి సుద్దతో, జారని కొక్కెం బొమ్మ గీశాడు. కమ్మరి చేసిచ్చాడు. ఆ షెడ్డులో మళ్లీ ఎవరి చెయ్యీ పోలేదు.

కొన్నేళ్లకి ఒక ఇనుప కంపెనీ ఆ కొక్కేనికే పేటెంటు తెచ్చుకుంది. అన్న కోర్టుకెక్కాడు. కమ్మరి అప్పటికే పోయాడు. మిక్ చెప్పాడు గానీ, స్నేహితుడి మాట ఎవరు నమ్ముతారు? "బొమ్మ ఉందిగా, కంపెనీ కంటే ముందు గీసిందని తేలితే చాలు," అన్నాడు లాయరు.

కోర్టుకి బయల్దేరే పొద్దున అన్న కత్తెర పట్టుకున్నాడు.

"ఏంటన్నయ్యా, ఆ కోత?"

"అంచు మీద యజమాని గుర్తుందే పిచ్చిదానా. గోనె దొంగిలించాననుకోరూ?"

"చిరిగిన పీలికకి దొంగతనమేంటి?"

"గుర్తున్నది షెడ్డు దాటకూడదు. అంతే."

ఆ ముక్క పొయ్యిలో పడేశాడు. మూటలు కట్టే గోనెల మీద యజమాని గుర్తు పక్కనే ఆ ఏటి అంకె కూడా నల్లగా అచ్చేస్తారు. ఆ అచ్చు వేసేది కూడా అన్నే.

కోర్టులో కంపెనీ లాయరు నవ్వాడు. "బొమ్మ బాగుందయ్యా. నిన్న గీశావా, మొన్న గీశావా?"

జడ్జి గోనె తిప్పి చూశాడు. "వీటి మీద ఏడాది అచ్చేస్తారుగా, ఏదీ?"

అప్పుడు తెల్లబోయింది అన్న మొహం. "కత్తిరించానండి."

"ఎందుకు?"

"అది నాది కాదండి."

అచ్చులో ఏడాది తన మాటతో కలవకే కత్తిరించాడనుకున్నారు అందరూ. కేసు పోయింది.

తర్వాత ప్రతి సీజనూ ఆ కంపెనీ పేరు పోతపోసిన మిషను మీదే మూటలు కట్టాడు. మళ్లీ సుద్ద పట్టలేదు.

"ఒరేయ్ ఆల్వీ, నా కుక్క బొమ్మ ఒకటి గీసి పెట్టరా," అన్నాడు ఒకసారి మిక్.

"చెయ్యి పోయిందిరా."

"పోయింది నాదిరా సన్నాసీ, నీది కాదు!"

మిక్ ఒక్కడే నవ్వాడు.

పోయేనాటికి ఆల్విన్‌కి నలభై ఆరేళ్లు.