దేశాధ్యక్షుడి పేరు మీద అర్చన

మా కాకినాడకు దూరంగా, దేవరకొండ నుంచి నల్గొండ పోయే బస్సులో ఒక ఉదయం పేపరు చదువుతున్నాను. పక్క సీట్లో మగ్గం నేసే ఇంటి ఆడమనిషి, చేతిలో గుడి కొబ్బరిచిప్పతో కూర్చుని ఉంది. పేపర్లో ఒక ఫొటో మీద వేలు పెట్టింది. అంతర్యుద్ధం నడుస్తున్న ఒక అరబ్బు దేశపు అధ్యక్షుడి ఫొటో అది.

“సారూ, గీయన బతికే ఉన్నడా?”

ఆమె భర్త ఆ దేశంలో డ్రైవరట. అధ్యక్షుడు నిలబడితేనే విమానాలు నడుస్తాయని, అప్పుడే భర్త ఇల్లు చేరతాడని ఎవరో చెప్పారట. అందుకే పొద్దున్నే గుడిలో ఆ అధ్యక్షుడి పేరు మీద అర్చన చేయించింది.

“పంతులు గోత్రం అడిగిండు. ఏం చెప్పాల్నో తెల్వక మా గోత్రమే చెప్పిన.”

వెనక సీటు ముసలమ్మ నవ్వింది. “మీ ఆయనది, గాయనది ఒక్కటే గోత్రమంటే గాయన నీకు బావైతడు కదనే! పండుగకు పిలువు.”

“పిలుస్త అవ్వా. మా ఆయన వస్తే ఇద్దరికీ వండి పెడత.”

నాకు నవ్వు రాలేదు. రెండేళ్లుగా ఒక పెద్ద దేశం ఆ అధ్యక్షుడికి, ఇంకో పెద్ద దేశం తిరుగుబాటుదారులకు ఆయుధాలిస్తున్నాయి. ఆ వార్తలు చదివి చదివి అలసిపోయాను. ఫొటో కింద ఉన్నదే చెప్పాను.

“బతికే ఉన్నాడమ్మా. ఆయన్ని వెనకేసుకొచ్చిన దేశమే విమానం పంపి, కుటుంబంతో సహా తీసుకుపోయింది. ఆ తర్వాత విమానాశ్రయం మూసేశారు.”

ఆమె కొబ్బరిచిప్పను కొంగులో చుట్టుకుంది. తర్వాత లేచి, బస్సు ఆపమని కండక్టరుకు చెప్పింది.

“ఎక్కడికమ్మా?” అని అడిగాను.

“మళ్ల గుడికి పోత సారూ. పొద్దుగాల గాయన పేరొక్కటే చెప్పిన. మా ఆయన పేరు చెప్పనే లేదు.”