కుందేలు బాలింత

మా ఇంట్లో కుందేళ్ల మొదటి కాన్పు అమ్మినవాడి పొరపాటు. రెండోది అచ్చంగా మా పొరపాటు. ఆ తర్వాతవన్నీ మేం కావాలని పెంచుకున్నవే కాబట్టి, అల్వాల్‌లో మా వీధివాళ్లు నన్ను "కుందేళ్లక్క" అని పిలిచినా నాకేం కోపం రాదు. కానీ ఆ మొదటిసారి మాత్రం మా ప్రాణాలు తోడేసింది.

చిన్నమ్మాయి పోరు పడలేక బోయిన్‌పల్లి దాకా వెళ్లి రెండు కుందేళ్లను తెచ్చాను. ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. "రెండూ ఆడయే అక్కా, పరేషాన్ గాకుర్రి" అన్నాడు దుకాణం అతను. తోక ఎత్తి చూడాలని నాకేం తెలుసు? చీర కొనాలంటే కొంగు పదిసార్లు తిప్పి చూసే మనిషిని, కుందేళ్లను మాత్రం కళ్లు చూసి కొన్నాను. డాబా మీద, ట్యాంకు నీడలో, ఇనుప జాలీతో బోను కట్టించాం. ఎండకు దాక్కోవడానికి మూలన ఒక చెక్కపెట్టె పెట్టాం. కూరగాయల మార్కెట్‌కు వెళ్లినప్పుడల్లా క్యారెట్ ఆకులూ కొత్తిమీర కాడలూ సంచీ నిండా ఏరుకొచ్చేదాన్ని.

మా అత్తమ్మకు మొదట్లో అవి గిట్టలేదు. "ఇంట్ల మనుషులకే జాగ లేదు, గివొకటా" అని సణిగేది. సణుగుతూనే రోజూ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కేది.

ఒకరోజు తెల్లది తన రొమ్ము మీది బొచ్చు తనే పీక్కుంటూ కనిపించింది. "గజ్జి పట్టింది దీనికి" అని అత్తమ్మ తేల్చేసింది. వేపనూనె రాశాం. రాయించుకుని, మా వంక చిరాగ్గా చూసి, మళ్లీ పీక్కోవడం మొదలుపెట్టింది. మర్నాడు వెళ్లేసరికి ఆ బొచ్చంతా పెట్టెలో గుట్టగా ఉంది. గుట్ట కదులుతోంది. మెల్లగా తీసి చూస్తే లోపల ఎర్రటి పసిగుడ్లు, కళ్లు మూసుకుని, ఒంటి మీద నూగైనా లేకుండా. బూడిదరంగుది తనకేమీ తెలియనట్టు దూరంగా కూర్చుని కాడలు నములుతోంది. ఆ మహానుభావుణ్ణి ఆ పూట అదే బోనులో ఉంచేశాం. దాని ఫలం నెల తిరిగేసరికి దక్కింది, అదే రెండో కాన్పు.

పిల్లల్ని చూడగానే అత్తమ్మ మనిషే మారిపోయింది. "బాలింత అది! గట్ల గాలికి ఇడిచిపెడ్తరా?" అంటూ పాత దుప్పటి తెచ్చి బోను చుట్టూ కట్టించింది. చన్నీళ్లు వద్దని కాచి చల్లార్చిన నీళ్లు పోయించింది. సాయంత్రం కాగానే కుంపట్లో సాంబ్రాణి వేసి పొగ పట్టింది. మన ఇళ్లలో బాలింతకు జరిగే మర్యాదలన్నీ దానికి జరిగాయి. చెవుల్లో దూది పెట్టబోతే మాత్రం నేనే ఆపాను. ఆ చెవులకు ఎంత దూదని తేవాలి!

అసలు బాధ వేరే ఉంది. తల్లి పిల్లల దగ్గరికే పోవడం లేదు. అత్తమ్మో, నేనో, చిన్నదో ఎవరో ఒకరం ఎప్పుడూ బోను ముందే కూర్చుని చూస్తున్నాం. అది ఎంతసేపూ పెట్టెకు దూరంగా, వీపు తిప్పుకుని ఉంటోంది. పిల్లల పొట్టలు ముడతలు పడ్డాయి. దూది వత్తితో ఆవుపాలు పట్టబోతే ఒకటి ఉక్కిరిబిక్కిరైంది. నాకు ఏడుపొచ్చింది. కోరి తెచ్చుకున్నవి కావు, అయినా మా చేతుల్లో చచ్చిపోతాయేమోనని అన్నం సయించలేదు.

మర్నాటి సాంబ్రాణికి తల్లి బాగా బెదిరిపోయింది. వెనక కాళ్లతో జాలీని దబదబా తన్ని, అటూ ఇటూ దూకి, పెట్టెను బోర్లా పడేసింది. పిల్లలు జాలీ మీద పడ్డాయి. అత్తమ్మ ఒక్కొక్కదాన్నీ ఏరి బొచ్చులో పెట్టింది. "నా పొగతోనే గిట్లయింది బిడ్డా" అంది. దుప్పటి విప్పేశాం, కుంపటి కిందికి దించేశాం. పొద్దున దాకా ఎవరూ పైకి పోవద్దని గట్టిగా చెప్పాను.

మాకు నల్లా నీళ్లు తెల్లవారుజామునే వస్తాయి. మోటారు వేసి, ట్యాంకు నిండిందో లేదో చూద్దామని మెట్లెక్కుతుంటే అత్తమ్మ కూడా వెనకాలే వచ్చింది. డాబా తలుపు కొంచెం తెరిచి ఇద్దరం ఆగిపోయాం. తెల్లది అటూ ఇటూ చూసింది. ఒక్క దూకు దూకి పెట్టెలోకి దిగింది. పిల్లల మీద కదలకుండా నిలబడింది. లోపల్నుంచి సన్నగా కీచుకీచులు. టీ కాగినంతసేపు కూడా కాలేదు, బయటికి వచ్చేసి తీరిగ్గా మూతి తుడుచుకుంది. కుందేలు తల్లి అంతేనట, రోజుకు ఒకసారో రెండుసార్లో, ఎవరూ చూడనప్పుడు వచ్చి పాలిచ్చి పోతుందట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

చప్పుడు కాకుండా వెళ్లి పెట్టెలోకి తొంగి చూశాం. అన్నీ బతికే ఉన్నాయి. పొట్టలు ఉబ్బి, పల్చటి చర్మం కింద పాలు తెల్లగా కనిపిస్తున్నాయి. ట్యాంకు పొర్లిపోతున్నా నాకు పట్టలేదు, అంత సంతోషమేసింది.

తిరిగి వచ్చి అత్తమ్మ పై మెట్టు మీద కూలబడింది. "మనం లేకుంటెనే పాలిస్తున్నది" అంది. నా వైపు చూడకుండా అడిగింది. "చిన్నది పుట్టినప్పుడు నేను నిన్ను సుత ఒక్కదాన్ని ఉండనియ్యలే గదా?"

ఆ పురుడు పోసింది ఆమే. పాలు పడ్డాయా, పాప తాగిందా అని ఆమె గదిలోకి వచ్చినప్పుడల్లా నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. ఇన్నేళ్లలో ఆ మాట ఎత్తలేదు.

"జెర తక్లీఫే అయింది అత్తమ్మా" అన్నాను.

"మా అత్త సుత గట్లనే కూసుంటుండె, తలుపు కాడ. నాకు మస్తు కోపమొస్తుండె." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మళ్ల నేనెందుకు కూసున్ననో."

నాకు ఆమె మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. చెయ్యి అందించాను. ఆమె నా చెయ్యి పట్టుకుని లేచి, డాబా తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.