జుట్టు క్లిప్పుతో మూడో చెయ్యి

తెనాలిలోని ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపులో నేను పనికి చేరిన కొత్త రోజులవి. ఆ రోజు మా సార్ రేపల్లె వెళ్లారు. నాదస్వరం వాయించే పెద్దాయన ఒకరు కరెంటుతో పలికే శ్రుతిపెట్టె పట్టుకుని ఆయాసపడుతూ వచ్చారు.

"బాపట్లలో పెళ్లమ్మా! బస్సుకి టైమైపోతోంది. ఇదేమో పలకట్లేదు."

తెరిచి చూస్తే లోపల ఒక వైరు ఊడిపోయి ఉంది. నా ఒక చేతిలో సోల్డరింగ్ ఐరన్, రెండో చేతిలో సీసం. వైరును కదలకుండా పట్టుకోవడానికి ఎప్పుడూ సార్ ఉండేవారు. ఆ పెద్దాయనను పట్టుకోమంటే, కంగారుకి ఆయన చేతులు వణుకుతున్నాయి.

చటుక్కున నా జుట్టు క్లిప్పు తీశాను. దాని పళ్ల మధ్య వైరును ఇరికించి, క్లిప్పును బరువైన పాత ట్రాన్స్‌ఫార్మర్‌కు రబ్బరుబ్యాండ్లతో బిగించాను. జుట్టంతా వీపు మీద విడిపోయింది.

"పెళ్లికెళ్లే పెట్టె ముందు జుట్టు విరబోసుకున్నావేంటే!" అని గుమ్మంలోంచి అరుస్తూ వచ్చి బల్లకు ఆనుకుంది, పక్కనే కుట్టుమిషను పెట్టుకున్న పిన్ని.

"బల్ల కదిలించకు పిన్నీ!" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

సీసం కరిగి వైరు అతుక్కుంది. పెట్టె నిండుగా పలికింది. పెద్దాయన అక్కడే నాదస్వరం తీసి శ్రుతి చూసుకుంటుంటే, వీధిలో వెళ్లేవాళ్లు ఆగిపోయారు.

"నా పరువు నిలబెట్టావు తల్లీ!"

"ఇక ముడేసుకోవే, దిష్టి తగులుద్ది" అంది పిన్ని, నవ్వుతూ.

ఎవరైనా చూస్తే తల దించుకునే నేను, అంతమంది చూస్తుండగా నవ్వుతూ నిలబడడం అదే మొదటిసారి.